రాతిబురద ఆరనివ్వని మేస్త్రి

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువవుతుంది. చీకటన్నా పామన్నా పెద్దగా లెక్కచెయ్యను గానీ, రాతిపొడి కనబడితే మాత్రం నా కాళ్ళు వణుకుతాయి. తెల్లగా, మెత్తగా, ముఖానికి రాసుకునే పౌడరులా ఉండే పొడి. ఇన్నేళ్ళూ ఈ సంగతి దాచుకుంటూ వచ్చాను. మొన్న వేలూరు సత్తువాచారిలో మా అపార్ట్‌మెంటు వాళ్ళందరికీ తెలిసిపోయింది.

మా ఎదురింటివాళ్ళు పాత మొజాయిక్ తీసేసి టైల్స్ వేయించుకుంటున్నారు. పదకొండు గంటలప్పుడు టైల్స్ కోసే మిషను గీపెట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి మా తలుపు కిందనుంచి సన్నటి తెల్లటిదేదో లోపలికొచ్చి నేలమీద పరుచుకుంది. నేను చేతిలో ఉన్న గరిటె అక్కడే పడేశాను. బక్కెట్టు నీళ్ళతో ఎదురింట్లోకి దూరి, గోడకున్న ప్లగ్గు పీకేసి, కోస్తున్న టైలుమీదా, పక్కనున్న పొడిమీదా, ఆ కోసే ఆయన కాళ్ళమీదా మొత్తం కుమ్మరించేశాను.

"ఏమ్మా, నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనదీ తెలుగే. మా పక్క ఇళ్ళు కట్టే పనుల్లో ఉన్నవాళ్ళు చాలామంది మనవాళ్ళే.

"తడిపి కొయ్యప్పా! పొడిగా కొయ్యొద్దు! మూతికి గుడ్డ కట్టుకో, తడిగుడ్డ! తూసి లోపలికి పోతే మళ్ళా బయటికి రాదు!" అని నేను కేకలు పెడుతున్నాను. అక్కడ చేరిన ఆడవాళ్ళు నన్ను జాలిగా చూశారు. ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాక తెలిసింది, ఆ కేకలు నావి కావని. ఆ మాటలు, ఆ తొందర, దుమ్మును 'తూసి' అని అరవంలో అనడం, అన్నీ గుడియాత్తం దగ్గర ఒక టైల్స్ ఫ్యాక్టరీలో బురద షెడ్డు చూసుకునే మేస్త్రివి. ఏడేళ్ళుగా ఆయన్ని తలుచుకోకుండా జాగ్రత్తపడుతున్నాను.

ఆ సాయంత్రం పాత నంబరు వెతికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. "యాడ ఉండాడమ్మా ఇంగ? పొయినాడు. రెండు నెలలాయె" అంది.

*

మా నాన్న కనియంబాడిలో ఇళ్ళు కట్టించే మేస్త్రి. ఇటుకలూ సిమెంటూ మధ్య పెరిగినదాన్ని కాబట్టి సిరామిక్స్ చదివాను, చదువవగానే ఆ ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. చేరినప్పుడు నా దగ్గర ఒక గొప్ప ఆలోచన ఉంది. అది గొప్పదని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చుట్టుపక్కల గ్రానైటు కోసే యార్డులున్నాయి. రాయిని నీళ్ళు పోస్తూ రంపాలతో కోస్తారు. కోసినప్పుడు రాలే పొడి నీళ్ళతో కలిసి బూడిదరంగు బురదవుతుంది. దాన్ని రోడ్డు పక్కనా చెరువు గట్లమీదా పారబోస్తారు. టైలు తయారీకి బంకమట్టితో పాటు రాతిపొడి కావాలి. ఆ రాతిపొడిలో ఉండే సరుకు చాలావరకు ఈ బురదలోనూ ఉంటుంది. పారబోసేదాన్ని తెచ్చి టైలులో కలిపితే యార్డుల ఊరూ మా ఊరూ రెండూ బాగుపడతాయని నేను మొదలాళికి చెప్పాను. మొదలాళి అంటే మా యజమాని. ఆయన సరేనన్నాడు. బురద లారీల్లో రావడం మొదలైంది. ఆ బురదతో పాటే ఈ మేస్త్రి కూడా ఒక కోతల యార్డునుంచి వచ్చాడు.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళదాకా పంచె ఎగ్గట్టి, బురదకుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతిలో వెదురు కర్ర, కర్ర చివర పాత లౌడ్‌స్పీకరులోంచి ఊడబెరికిన అయస్కాంతం. దాన్ని బురదలో ముంచి మెల్లగా తిప్పుతున్నాడు.

"ఏం మేస్త్రీ, చేపలు పడతా ఉండారా?" అన్నాను.

"ఇనుము పడతా ఉండానమ్మా" అన్నాడు తల తిప్పకుండా. "రంపం అరిగి... ఇనుము రాలుంటాది. అది మట్టిలోకి పోతే... టైలు మీద నల్లమచ్చ." కర్ర పైకి తీసి చూపించాడు. అయస్కాంతం నిండా నల్లటి నూగు. దాన్ని తువ్వాలుతో తుడిచి మళ్ళీ ముంచాడు. ల్యాబులో మూడు వారాలుగా ఆ నల్లమచ్చలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అర్థంకాక నేను పుస్తకాలు తిరగేస్తున్నాను.

ఆయన మాటలు అలాగే ఉండేవి. మూడు మాటలకొకసారి ఆగేవాడు. అదంతా పెద్దరికమని మేమనుకునేవాళ్ళం. మా ల్యాబు మేడమీద ఉండేది, పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు మీద నిలబడిపోయి ఆకాశంకేసి చూసి, "వాన వచ్చేట్టుండాదే" అనేవాడు. మే నెలలోనూ అదే మాట. "మేస్త్రికి ఏడో మెట్టు మీద మాత్రమే మబ్బు కనబడతాది" అని షెడ్డులో ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బురద షెడ్డులో ఆయన పెట్టిన చట్టాలు ఇంకెక్కడా చూడలేదు. కుప్పమీద ఎప్పుడూ తడి గోనెసంచులు కప్పి ఉండాలి. రోజుకు నాలుగుసార్లు సంచులు తడపాలి. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు ఆయన మునివేళ్ళ వెనకవైపుతో సంచిని తాకి చూసేవాడు. ఒక మూల ఆరినట్టనిపిస్తే ముఖం మారిపోయేది. షెడ్డులోకి చీపురు రాకూడదు. ఎవరో కొత్తామె తెలియక చీపురు పట్టుకొస్తే లాక్కుని గోడవతలికి విసిరేశాడు. నేల కడగాలి, తుడవాలి, ఊడవకూడదు. అన్నం లోపల తినకూడదు. ఇంటికి పోయేముందు కాళ్ళూ చేతులూ కడిగి, నోరు పుక్కిలించాలి. కట్టుకున్న చీరను ఇంటి దగ్గర దులపకూడదు, అట్లాగే నీళ్ళల్లో ముంచాలి.

"ఇంత మడి మా అత్త గూడా చెయ్యదు మేస్త్రీ" అనేది చెంగమ్మ.

చెంగమ్మ షెడ్డులో పనిచేసే నలుగురు ఆడవాళ్ళలో చురుకైనది. దాదాపు నా వయసు. గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంటి కోడలు. మగ్గం మూలపడ్డాక ఈ పనికొచ్చింది. ఎంత మాటైనా నవ్వుతూ అనేసేది, మేస్త్రి పడేవాడు.

సోమవారం పొద్దున పని మొదలయ్యేముందు ఇంకో తంతు. నలుగురినీ షెడ్డు వాకిట్లో వరసగా నిలబెట్టేవాడు. ఒక్కొక్కరూ గుండె నిండా ఊపిరి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరిలోనే గుడియాత్తం నుంచి వేలూరికి బస్సు పోయే ఊళ్ళ పేర్లు చెప్పాలి. గుడియాత్తం, కె.వి. కుప్పం, లత్తేరి, కాట్పాడి, వేలూరు. మళ్ళీ వెనక్కి. వేలూరు, కాట్పాడి, లత్తేరి, అలా. ఊపిరి అయిపోయేలోపు ఎన్నిసార్లు పోయిరాగలిగితే అన్ని. మేస్త్రి వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టేవాడు. మిగతా ముగ్గురూ నాలుగుసార్లు పోయొచ్చేవాళ్ళు. చెంగమ్మ ఆరుసార్లు.

"మేస్త్రీ, టికెట్టు కొట్టవా?" అని చెంగమ్మ ఎగతాళి చేసేది. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. వేళ్ళ లెక్క సరిపోయిందాకా ఆయన కళ్ళు వాళ్ళ గొంతులమీదే ఉండేవి. "నువ్వొకతూరి పోయిరా మేస్త్రీ" అని వాళ్ళడిగితే, "నాకు పనుండాది" అని వెళ్ళిపోయేవాడు.

ఆయన ఎందుకలా చేస్తాడో ఒకరోజు టీ తాగుతూ నాకు చెప్పాడు. ఆయనా ఆయన తమ్ముడూ పదిహేనేళ్ళు రాతి యార్డులో పనిచేశారు. పెద్ద రంపానికి నీళ్ళుంటాయి. అంచులు అరగదీసే చిన్న మిషనుకు ఉండవు. తమ్ముడిది ఆ చిన్న మిషను.

"పొద్దు గూకేసరికి... వాడు పెండ్లికొడుకు మాదిరి ఉండేవాడు. పౌడరేసుకోని. అందరూ నవ్వేది. నేను గూడా నవ్వినా." గ్లాసులోకి చూస్తూ ఆగాడు. "దగ్గు పట్టుకునె. టీబీ అన్నారు. ఏడాది మాత్రలు మింగినాడు. టీబీ గాదు. వేలూరు ఆస్పత్రికి పోతే... ఫోటో తీసి చూపించినారు. నెంజంతా... ఈ రొమ్మంతా తూసి. రాయి మాదిరి అయిపోయిండాది. ఇంగ మందు లేదన్నారు."

"దానికి మందే లేదా?" అన్నాను. చదువుకున్నదాన్ని, నాకు తెలిసుండాలి.

"లేదు. మూచ్చు... ఊపిరి లోపలికే పోదమ్మా. నోరు తెరుస్తాడు. పోదు. పొయినాడు. నలబై నిండలా." తర్వాత నా ముఖంలోకి సూటిగా చూశాడు. "ఇది ఆ పొద్దే తెలిసే నొప్పి గాదు. పదేండ్లకు తెలుస్తాది. ఈపొద్దు పీలిస్తే... పదేండ్లు బాగుంటావు. నవ్వతా ఉంటావు. అదే నాకు బయం."

ఆ రోజు నాకు భయం వేసిన మాట నిజం. కానీ మనిషి మనసు ఎలాంటిదంటే, ఇంటికి పోయి అన్నం తినేసరికి ఆ భయం అరిగిపోయింది. ఆయన తమ్ముడు యార్డువాడు, మాది ఫ్యాక్టరీ, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

*

నా భయం వేరే ఉండేది. ఆ ఫిబ్రవరిలో ఒక విడత టైల్స్ మొత్తం వంకరపోయాయి. నేలమీద పెడితే పడవల్లా ఊగుతున్నాయి. మొదలాళి నన్ను పిలిచి, ఇంకొక్క విడత ఇలా వస్తే బురద పని ఆపేస్తానన్నాడు. బురద పని ఆగితే ల్యాబులో నాకు పనిలేదు.

నేను తప్పు మేస్త్రి మీదికి తోశాను. ఆయనకొక పాత ఇత్తడి చెంబుండేది. మట్టీ రాయీ కలిపి రుబ్బే మిల్లులో బురద వేసేముందు ఆ చెంబు నిండా బురద ముంచి, పైన అరచేత్తో చదునుచేసి, స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి చూసేవాడు. తర్వాత తనలో తాను గొణుక్కుని, "రెండు బిందెలు నీళ్ళు తగ్గించండి" అనో, "ఇంగొక తట్ట వెయ్యండి" అనో చెప్పేవాడు. అంతే ఆయన కొలత. బురదలో నీళ్ళెన్నో, రాయెంతో చెంబు చెప్తుందా? సరిగ్గా కలపాలంటే బురదను ఎండబెట్టాలి, జల్లెడ పట్టాలి, పొడిని తూకం వెయ్యాలి. పుస్తకంలో అలాగే ఉంది.

"మళ్ళా మిల్లులో నీళ్ళల్లోనే గదమ్మా రుబ్బేది" అన్నాడు మేస్త్రి. "నీళ్ళల్లో పొయ్యేదాన్ని... ఎండబెట్టేది ఎందుకు?"

"లెక్క తప్పుతా ఉండాది మేస్త్రీ."

"లెక్క చెంబులో ఉండాది. ఆరనియ్యొద్దు తల్లీ. నీకు పుణ్యముంటాది."

అంత పెద్దమనిషి నన్ను బతిమాలాడు. నాకు కోపమొచ్చింది. బతిమాలితే కోపమెందుకు రావాలో ఇప్పటికీ నాకర్థం కాదు.

మార్చిలో ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు. తమ్ముడి తిథి ఉందని సొంతూరికి పోతున్నాడు. పోయేముందు పద్నాలుగు మెట్లెక్కి ల్యాబుకొచ్చాడు. "సంచులు తడపమని చెప్తా ఉండమ్మా. ఎండలు ముదురుతా ఉండాయి" అన్నాడు. "సరే మేస్త్రీ, నేను చూసుకుంటా" అన్నాను.

ఆయన ఎక్కిన బస్సు పోయిందో లేదో కిందికి దిగి, సంచులన్నీ తీయించేశాను.

పక్కనున్న సిమెంటు కళ్ళంలో బురద పలుచగా పరిపించాను. మా పక్క మార్చి ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి బురద పెచ్చులు పెచ్చులుగా లేచింది. పెచ్చులు షెడ్డులోకి మోయించి, కర్రలతో కొట్టించి, జల్లెడ పట్టించాను. చెంగమ్మ ఒక్కతే మొదట అడిగింది.

"మేస్త్రి వద్దన్నాడే మేడమ్మా?"

"రెండు దినాలేలే చెంగమ్మా. ముక్కుకు కొంగు కట్టుకోండి" అన్నాను.

నేనూ అక్కడే నిలబడ్డాను. అది నా మంచితనం కాదు, తూకం తప్పుతుందేమోనని. పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది. ఆ గీతల్లో పొడి లేస్తూ, తిరుగుతూ, ఎక్కడా దిగకుండా ఉంది. అందంగా ఉందనుకున్నాను. చెంగమ్మ కనుబొమ్మలు, కనురెప్పలు, ముక్కు పక్క ముడతలు అన్నీ తెల్లబడ్డాయి. "ముసిలిదాన్నయి పోయినా చూడండి" అని ఆమె అంటే అందరం నవ్వాం.

రెండోరోజు మధ్యాహ్నం, ఇంకో గంటలో పనైపోతుందనగా, మేస్త్రి ఒకరోజు ముందే వచ్చేశాడు. ఇంటికి పోకుండా, తిథి బొట్టుతోనే, చేతిసంచితోనే నేరుగా వచ్చాడు. ఎందుకొచ్చాడో తెలియదు. నన్ను నమ్మలేదేమో. నమ్మకపోవడమే న్యాయం.

షెడ్డు గుమ్మంలో ఆయన ఆగిపోయిన తీరు నా కళ్ళల్లోంచి పోదు. కేకలేస్తాడని నేను సిద్ధపడ్డాను. ఆయన కేకలెయ్యలేదు. రంగు పోయిన ముఖంతో, రెండు చేతులూ కాస్త పైకెత్తి, చాలా చిన్న గొంతుతో మాట్లాడాడు.

"ఎవురూ పరిగెత్తొద్దండి. చెంగమ్మా, జల్లెడ కింద పెట్టు. మెల్లగా. కొట్టొద్దు. ఆ కర్ర ఆడే ఉండనీ. అడుగులు లేపొద్దు, జరిపి నడవండి. నేలనానుకోని రాండి."

ఆ గొంతు విన్నాక మేం నలుగురం చేతిలోవి మెల్లగా కింద పెట్టాం. నలుగురనకూడదు, నాతో ఐదుగురం. ఇల్లు కాలిపోతుంటే ఎవరైనా అరుస్తారు. ఈయన గుసగుసలాడుతున్నాడు, అంటే ఎంత పెద్ద ప్రమాదమో అప్పుడు తెలిసింది. పాదాలు నేలకు రాస్తూ, ఒకరి వెనక ఒకరు, అరవై అడుగుల షెడ్డు దాటడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఊపిరి బిగబట్టాలని ఉంది, బిగబట్టలేకపోతున్నాను. పీల్చిన ప్రతి ఊపిరినీ లోపలికి పోతుంటే చూసినట్టుగా ఉంది.

మేం బయటపడ్డాక ఆయన లోపలికి పోయాడు. తువ్వాలు తడిపి మూతికి చుట్టుకుని, పైపు చివర బొటనవేలు పెట్టి, నీళ్ళను తుంపరలాగా గాల్లోకి పట్టాడు. ధారగా కొడితే పొడి ఇంకా లేస్తుందట. "నేనొస్తా మేస్త్రీ" అని చెంగమ్మ అడుగు ముందుకేస్తే, వేలు చూపించి ఆపేశాడు. అరగంట. అరగంటపాటు ఆ తెల్లటి మబ్బులో ఆయన దగ్గు వినబడుతూనే ఉంది. దగ్గు మధ్యలో కాసేపు ఏ చప్పుడూ లేకపోతే చెంగమ్మ గుమ్మం దగ్గర్నుంచి కేకేసేది.

బయటికొచ్చి తొట్టి గట్టుమీద కూర్చున్నాడు. ఊపిరి తీసుకోవడం ఆయనకు రెండు చేతుల పనైపోయింది. రెండు అరచేతులూ గట్టుమీద ఆనించి, భుజాలు పైకెత్తి లాగుతున్నాడు. అప్పుడు నాకు ఏడో మెట్టు అర్థమైంది. తమ్ముడికొచ్చింది ఆయనకూ వచ్చింది, ఎప్పుడో వచ్చింది.

"ఎవురు చెప్పినారమ్మా ఎండబెట్టమని?" అని అడిగాడు, చాలాసేపటికి.

"మొదలాళి చెప్పినాడు మేస్త్రీ" అన్నాను.

తల ఊపాడు.

తర్వాత పదిరోజులూ సోమవారంతో పనిలేకుండా రోజూ వాళ్ళను నిలబెట్టి ఊళ్ళ పేర్లు చెప్పించాడు. నన్ను కూడా నిలబెట్టాడు. ఇప్పుడెవరూ నవ్వడంలేదు. ఆరోరోజు చెంగమ్మ మూడుసార్లు పోయొచ్చి నాలుగోసారి లత్తేరి దగ్గర ఆగిపోయింది. మేస్త్రి మడిచిన వేళ్ళు అలాగే ఉండిపోయాయి. నేను ల్యాబుకు పోయి తలుపేసుకుని ఏడ్చాను. చెంగమ్మకు జలుబు చేసిందట. పదోరోజుకు మళ్ళీ ఆరుసార్లకొచ్చింది. వేలూరులో తెలిసిన డాక్టరునడిగితే రెండు రోజులకేం కాదమ్మా అని నవ్వేశాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ మేస్త్రి చెప్పిన పదేళ్ళ మాట నా చెవుల్లో ఉంది. అప్పట్నుంచి ఏ దగ్గొచ్చినా నేను లెక్క మొదలుపెడతాను.

టైల్స్ వంకరపోవడానికి కారణం కూడా ఆ నెలలోనే బయటపడింది. తప్పు కొత్తగా తెప్పించిన బంకమట్టిది. బురదకు ఏ సంబంధమూ లేదు. ఇంకో సంగతి, ఆ ఇత్తడి చెంబు. ఒకే చెంబు, ఎప్పుడూ నిండుగా, ఎప్పుడూ తూకం. రాయి ఎక్కువైతే బరువెక్కువ, నీళ్ళెక్కువైతే తక్కువ. అర కాగితం మీద తేలిపోయే లెక్క అది. కాలేజీలో ఇదే లెక్క గాజు సీసాతో చేసి మార్కులు తెచ్చుకున్నాను.

మూడు నెలలకు నేను పని మానేశాను. వేలూరులో ఒక స్కూల్లో సైన్సు చెప్పే ఉద్యోగం చూసుకుని, అమ్మకు బాగాలేదని అందరికీ చెప్పాను. అమ్మ గుండ్రాయిలా ఉంది. ఆ గేటు దాటి లోపలికి పోవాలంటే నాకు భయం, అదీ అసలు సంగతి.

చివరిరోజు మేస్త్రి ల్యాబుకొచ్చాడు. మెట్లమీద రెండుసార్లు ఆగడం వినబడింది. లోపలికొచ్చి, "పోతా ఉండావంట" అన్నాడు.

"అవును మేస్త్రీ. అమ్మకు బాగలేదు."

"నువ్వు ఉంటావనుకున్న్యా" అని దిగిపోయాడు. పెద్దవాళ్ళు వీడ్కోలుకు అనే మాటనుకున్నాను.

*

ఫోన్ చేసిన మర్నాడే గుడియాత్తం వెళ్ళాను. ఆయన ఇల్లు నేను ఎప్పుడూ చూడలేదు. రెండు గదులు, నేల తళతళలాడుతోంది, ఇంకా తడి ఆరలేదు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది, ముందెప్పుడూ చూడకపోయినా. "నువ్వేనా ఆ చదువుకున్న పాపవి" అంది.

చివరి ఏడాది పడుకోలేదట. కూర్చునే నిద్రపోయాడట, ముందర రెండు దిండ్లు పెట్టుకుని వాటిమీద వాలి. ఇల్లు ఊడవనివ్వలేదట. "ఇప్పుడాయన లేడు, అయినా చీపురు పట్టను చెయ్యి రాదు నాకు" అంది.

నేనింక ఉండలేకపోయాను. "అమ్మా, ఆపొద్దు ఎండబెట్టమనింది మొదలాళి గాదు. నేనే. ఆయన ఊరికి పొయ్యేదాకా కాచుకోనుండి చేసినా. ఆయనకు అబద్ధం చెప్పినా" అన్నాను. ఏడేళ్ళు నోట్లో పెట్టుకున్న మాట.

ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసులేమ్మా. ఆ వారమంతా మొదలాళి ఊళ్ళోనే లేడు గదా. తిరుపత్తూరులో కూతురింటికి పోయుండె."

"తెలిసీ ఒక్క మాట అనలేదే!"

"నేనూ అడిగినా. నీ ఊపిరి తీసేసింది గదయ్యా ఆ బిడ్డ, నాలుగు మాటలు అడగొద్దా అని. ఏమన్నాడో తెలుసా?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "'ఆ పాప ముఖం చూసినా. బయం పట్టుకునింది. నాకుండే బయమే. ఇంగ ఆ పాప ఉన్నన్నాళ్ళు ఆ షెడ్డులో బురద ఆరదు. ఇంగ నేను పొయినా పరవాలేదు' అనె."

నేను గోడకానుకుని కూర్చుండిపోయాను. ఆయన మాట్లాడకుండా నాకొక పని అప్పజెప్పాడు. నేను దాన్ని మూడు నెలలకే దించేశాను.

"ఇప్పుడు షెడ్డులో ఎవురుండారు?" అని అడిగాను.

"చెంగమ్మ ఉండాది. మిగిలినోళ్ళు మారిపోయినారు. ఆయన పనికి పోలేక మానేసి నాలుగేండ్లాయె గదా. ఇప్పుడు బురద తెచ్చేది లేదంట. ఎండబెట్టి, పొడి చేసి, మూటల్లో తెస్తా ఉండారంట. తూకానికి సులువంట."

ఆమె పెట్టిన కాఫీ సగం తాగి లేచాను. ఫ్యాక్టరీకి ఆటోలో పావుగంట. గేటు బయట వేపచెట్టు ఆకులు తెల్లగా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నాల వేళ. చెంగమ్మ షెడ్డు గోడకానుకుని టిఫిన్ డబ్బా మూత పెడుతోంది. కనుబొమ్మలు, కనురెప్పలు, ముక్కు పక్క ముడతలు తెల్లగా. ఈసారి ముడతలు నిజంగానే ఉన్నాయి.

"ఏం మేడమ్మా! దోవ మర్చిపోయి వచ్చినావా?" అని నవ్వింది. నవ్వు సగంలో దగ్గయింది. దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడింది. నేను ఆమె భుజాల్నే చూస్తున్నాను.

"పొడి మూటలు తెమ్మనింది ఎవురు చెంగమ్మా?"

"నీ తర్వాత వచ్చిన సారు. మేస్త్రి ఉన్నన్నాళ్ళు కొట్లాడినాడు, వద్దని. సారు వినలా. నువ్వు రాసి పెట్టిన పుస్తకం ఉండాదంట గదా ల్యాబులో. ఎండబెట్టి వాడితే బాగుండాదని దాంట్లో ఉండాదంట. 'మీ మేడమే రాసింది, మీకేం తెలుసు' అన్నాడు మేస్త్రిని."

రాశాను. ఆ రెండో రోజు పొద్దున, పొడి తెల్లగా లేస్తుండగా, నా మంచి చేతిరాతతో ఒక పేజీ నిండా రాశాను. తర్వాత అంత జరిగినా, మానేసేదాకా ఉన్న మూడు నెలల్లో ఒక్కరోజైనా ఆ పేజీ తెరిచి కొట్టెయ్యాలని నాకు తోచలేదు. భయపడటంలోనే పొద్దంతా సరిపోయింది.

"మేస్త్రి ఏమన్నాడు దానికి?"

"ఏమంటాడు? ఆయనకు తెలుగు చదవను రాదు, ఇంగిలీషు రాదు. ఆ పుస్తకం తెరిచి అట్లా చూస్తా నిలబడినాడు."

గంట మోగింది. చెంగమ్మ డబ్బా గోడవారన పెట్టి, కొంగు తీసి మూతికి చుట్టుకుంది. పొడికొంగు.

"చెంగమ్మా, లోపలికి పోవద్దు" అన్నాను.

"పోకుంటే యాడికి పోదునమ్మా?" అంది. ఆ మాటలో కోపం లేదు, నిజంగానే అడిగింది.

"ఆ పుస్తకం ఇంకా ఉండాదా?" అన్నాను.

"పైనే ఉండాది, నీ రూములోనే. షెడ్డులోనుంచే ఇప్పుడు దోవ. బయటి మెట్లు కూలిపోయినాయి."

చెంగమ్మ లోపలికి పోయింది. గుమ్మంలోంచి చూస్తే ఎండ గీతల్లో పొడి లేస్తోంది. నా కాళ్ళు వణుకుతున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, అడుగులు లేపకుండా, నేలకు జరుపుతూ, ఆమె వెనకాలే లోపలికి పోయాను.